ఎన్‌పీ కావాలనుకునే తెలుగు నర్సులకు: చివరి నుంచి మొదటికి వేసుకోవాల్సిన లెక్క

"అక్కా, ఎన్‌పీ చేద్దామనుకుంటున్నా, ఏ కాలేజీ మంచిది?" గుంటూరు నుంచైనా, కరీంనగర్ నుంచైనా, ఇక్కడ డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కో నుంచైనా, నాకు ఫోన్ చేసే అమ్మాయిలు మొదట అడిగేది ఇదే. ఎన్‌పీ అంటే నర్స్ ప్రాక్టీషనర్, పేషెంటును పరీక్షించి మందు కూడా రాసే నర్సు. నేను వెంటనే కాలేజీ పేరు చెప్పను. నువ్వు ఎలాంటి పేషెంట్లను చూడాలనుకుంటున్నావు, ఏ రాష్ట్రంలో స్థిరపడతావు, ఇప్పుడు చేతిలో ఉన్న వీసా ఏంటి అని ఎదురు అడుగుతాను. ఈ మూడూ తేలితే ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నది చాలావరకు తేలిపోతుంది. ఇవి తేల్చుకోకుండా ఫీజు కట్టి చేరి, క్లినికల్ అవర్స్ (పేషెంట్లను చూస్తూ నేర్చుకోవాల్సిన గంటలు) దగ్గరో లైసెన్సు దగ్గరో ఇరుక్కుపోయిన వాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆంధ్రాలో బీఎస్సీ నర్సింగ్ చదివి, హైదరాబాదులో ఐసీయూలో పనిచేసి, పెళ్లయ్యాక హెచ్‌-4 (హెచ్‌-1బీ మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద డాలస్ వచ్చాను. ఇక్కడ ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) కొన్నేళ్లు మెడ్-సర్జ్ ఫ్లోర్‌లో, అంటే మెడికల్-సర్జికల్ వార్డులో చేసి, తర్వాత ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎఫ్‌ఎన్‌పీ) అయ్యాను. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం అమెరికా గురించే ఉంటుంది. మన దేశంలోనే ఉండి ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం మధ్యలో ఒక మాట చెబుతాను.

అసలు పని ఎలా ఉంటుందో ముందు చూడండి

1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి ఎన్‌పీ ప్రోగ్రాం మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లలను చూసే డాక్టర్లు దొరకని రోజులవి. ఇప్పుడు ఇక్కడ ప్రైమరీ కేర్ క్లినిక్కుకు వెళ్తే మిమ్మల్ని చూసేది చాలాసార్లు ఎన్‌పీయే. పరీక్ష చేయడం, టెస్టులు రాయడం, జబ్బేంటో తేల్చడం, మందు రాయడం, మళ్లీ పిలిచి ఎలా ఉందో చూడటం అన్నీ ఆమె పనే.

ఒక ఉదాహరణ చెబుతాను. వేసవి వచ్చిందంటే మా క్లినిక్కుకు పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలూ నాన్నలూ వస్తుంటారు. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మెడికల్ షాపు కవరు తెచ్చి బల్ల మీద బోర్లించారు. టెల్మా, గ్లైకోమెట్, ఎకోస్ప్రిన్, థైరోనార్మ్ స్ట్రిప్పులు. వాటితో పాటు ఇక్కడ అర్జంట్ కేర్‌లో బీపీ ఎక్కువుందని రాసిచ్చిన లోసార్టన్ సీసా. టెల్మాలో ఉండేది టెల్మిసార్టన్. లోసార్టన్ కూడా ఆ కోవకు చెందిన మందే. పేర్లు వేరు కాబట్టి ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. అలా వేసుకుంటే పొటాషియం పెరగొచ్చు, కిడ్నీ దెబ్బతినొచ్చు. ఒకటి ఆపించి రక్తపరీక్ష రాశాను. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే కిందికి వచ్చింది. దాంతో షుగర్ మందు గ్లైకోమెట్ డోసు కూడా తగ్గించాను. ఆర్‌ఎన్‌గా ఉన్నప్పుడైతే ఇదంతా గమనించి డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు ఆ నిర్ణయం నేనే తీసుకోవాలి, రేపు ఏదైనా అయితే జవాబు కూడా నేనే చెప్పాలి. ఈ బాధ్యత మీకు కావాలనిపిస్తేనే ముందుకు చదవండి. జీతం ఒక్కటే చూసుకుని వచ్చేవాళ్లకు ఈ చదువు చాలా భారంగా అనిపిస్తుంది.

జీతం సంగతీ చెప్పేస్తాను. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2023 లెక్కల ప్రకారం ఎన్‌పీల మధ్యస్థ జీతం ఏడాదికి 1,26,260 డాలర్లు, ఆర్‌ఎన్‌లది 86,070 డాలర్లు. తేడా ఉంది. కానీ కాలిఫోర్నియా లాంటి చోట అనుభవం ఉన్న ఆర్‌ఎన్, ఓవర్‌టైం కలుపుకుంటే, కొత్త ఎన్‌పీ కంటే ఎక్కువ సంపాదించడం మామూలే.

ముందు పేషెంటు ఎవరో తేల్చుకోవాలి

ఇక్కడ ఎన్‌పీ లైసెన్సు అన్ని రకాల పేషెంట్లకూ కలిపి ఇచ్చేది కాదు. చేరేటప్పుడే ఒక వర్గాన్ని ఎంచుకోవాలి. అన్ని వయసులవాళ్లనూ చూసే ఫ్యామిలీ, పెద్దవాళ్లూ వృద్ధుల కోసం అడల్ట్-జెరంటాలజీ, పిల్లలు, అప్పుడే పుట్టిన శిశువులు, స్త్రీల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం. వీటిలో అడల్ట్-జెరంటాలజీకి, పిల్లలకు మళ్లీ ప్రైమరీ కేర్, అక్యూట్ కేర్ అని రెండేసి శాఖలున్నాయి. మీరు చదివింది ఏదో, పరీక్ష రాసింది ఏదో, లైసెన్సు దానికే.

మన అమ్మాయిలు ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. "ఎఫ్‌ఎన్‌పీ చేస్తే ఎక్కడైనా ఉద్యోగం వస్తుందట" అని చేరిపోతారు. మీకు ఐసీయూ ఇష్టమా? వెంటిలేటర్, డ్రిప్పులు, రాత్రి మూడింటికి పడిపోయే బీపీ, ఇవే మీ ప్రపంచమా? అయితే మీకు కావాల్సింది అడల్ట్-జెరంటాలజీ అక్యూట్ కేర్. ఎఫ్‌ఎన్‌పీ చదువు క్లినిక్కు కోసం రూపొందించింది, ఆ సర్టిఫికెట్‌తో ఐసీయూలో తీసుకోవడానికి చాలా ఆస్పత్రులు ఇప్పుడు ఒప్పుకోవు. తర్వాత మారాలంటే పోస్ట్-మాస్టర్స్ సర్టిఫికెట్ అని ఇంకో ఏడాదో రెండేళ్లో చదవాలి, మళ్లీ క్లినికల్ అవర్స్ చేయాలి. నేను ఐసీయూ నుంచి వచ్చినా ఎఫ్‌ఎన్‌పీ తీసుకోవడానికి కారణం ఒక్కటే. ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూడాలని, ఇంట్లోవాళ్లందరినీ తెలుసుకోవాలని నాకు కోరిక. అది ఐసీయూలో కుదరదు.

నన్నడిగితే, తెలుగు బాగా మాట్లాడగలిగినవాళ్లు మానసిక ఆరోగ్యం వైపు గట్టిగా ఆలోచించాలి. ఒంటరిగా ఉండే విద్యార్థులు, కాన్పు తర్వాత దిగులుతో కుమిలిపోయే కొత్త తల్లులు, కొడుకు ఇంట్లో రోజంతా గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లు, వీళ్లందరికీ మనసులో ఉన్నది సొంత భాషలో చెప్పుకునే చోటు కావాలి. "గుండెల్లో దడ, నిద్ర పట్టట్లేదు, తల దిమ్ముగా ఉంటోంది" అని వచ్చిన మనిషిలో డిప్రెషన్‌ను పట్టుకోవడం ఆ మాటలు వింటూ పెరిగినవాళ్లకే తేలిక. టెలీహెల్త్‌లో ఇంటి నుంచి కూడా చూడొచ్చు. కాకపోతే పేషెంటు ఏ రాష్ట్రంలో కూర్చున్నారో ఆ రాష్ట్రం లైసెన్సు మీకు ఉండాలి.

రాష్ట్రాన్ని బట్టి అధికారం మారుతుంది

వాషింగ్టన్, ఆరిజోనా, కొలరాడో లాంటి సగానికి పైగా రాష్ట్రాల్లో ఎన్‌పీ డాక్టరుతో ఒప్పందం లేకుండానే ప్రాక్టీసు చేయొచ్చు. కొన్నిచోట్ల దానికి ముందు ఇన్ని గంటల అనుభవం ఉండాలన్న షరతు ఉంటుంది. మా టెక్సాస్‌లో అలా కుదరదు. మందు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, షెడ్యూల్ 2 మందులైతే (గట్టి నొప్పి మందుల్లా అలవాటు పడే ప్రమాదం ఎక్కువున్నవి) ఆస్పత్రిలోనో, చివరి రోజుల రోగులను చూసే హాస్పిస్‌లోనో తప్ప రాయలేం. కాలిఫోర్నియాలో 2020లో వచ్చిన ఏబీ 890 చట్టం వల్ల అనుభవం ఉన్నవాళ్లకు దశలవారీగా స్వేచ్ఛ వస్తోంది, 2023 నుంచి అది అమలవుతోంది. న్యూయార్క్‌లో 3,600 గంటలు దాటినవాళ్లకు సడలింపు ఉంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో మాత్రం ఏదో ఒక రూపంలో డాక్టరు తోడు కావాల్సిందే. సొంత క్లినిక్కు పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇది ఇప్పుడే చూసుకోండి. ఉద్యోగమే చాలు అనుకుంటే రాష్ట్రం గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు.

ఎంఎస్‌ఎన్నా, డీఎన్‌పీనా

ఎన్‌పీ అవ్వాలంటే కనీసం మాస్టర్స్ ఉండాలి. బీఎస్సీ తర్వాత ఎంఎస్‌ఎన్ (నర్సింగ్‌లో మాస్టర్స్) రెండు మూడేళ్లు, డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీసులో డాక్టరేట్) మూడు నాలుగేళ్లు. డాక్టరేటే ప్రవేశ అర్హతగా ఉండాలని అమెరికా నర్సింగ్ కాలేజీల సంఘం 2004లోనే సిఫార్సు చేసింది. మత్తు ఇచ్చే నర్సులకు అది తప్పనిసరైంది కూడా. ఎన్‌పీలకు మాత్రం ఎంఎస్‌ఎన్‌తో పరీక్ష రాసే దారి తెరిచే ఉంది. ఇంట్లో చిన్నపిల్లలు, ఒక్క జీతం, వీసా గొడవలు ఉన్నవాళ్లకు నేను ఎంఎస్‌ఎన్‌నే చెబుతాను. పని మొదలుపెట్టాక కావాలంటే డీఎన్‌పీ తీరిగ్గా చేసుకోవచ్చు. పాఠాలు చెప్పాలన్న కోరిక ఉన్నవాళ్లు మాత్రం నేరుగా డీఎన్‌పీకి వెళ్లడమే నయం.

కాలేజీ చూసేటప్పుడు మొదట చూడాల్సింది అక్రెడిటేషన్, అంటే గుర్తింపు. సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్ లాంటి గుర్తింపు సంస్థలు ఒప్పుకున్న ప్రోగ్రాం కాకపోతే తర్వాత సర్టిఫికేషన్ పరీక్ష దగ్గర చిక్కులొస్తాయి. ఆన్‌లైన్ ప్రోగ్రాం అయితే మీరుండే రాష్ట్రంలో క్లినికల్స్ చేయించడానికి దానికి అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఈ-మెయిల్‌లో జవాబు తెప్పించుకుని దాచుకోండి. మా ఊరివాళ్లకు డెంటన్, డాలస్‌లలో టెక్సాస్ ఉమెన్స్ యూనివర్సిటీ, పక్కనే యూటీ ఆర్లింగ్టన్ ఉన్నాయి. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే, కాబట్టి రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకు ఫీజు తక్కువ పడుతుంది. మీ రాష్ట్రంలో కూడా ముందు ప్రభుత్వ యూనివర్సిటీలనే వెతకండి.

చాలా కాలేజీలు 3.0 జీపీఏ అడుగుతాయి. మన పర్సంటేజీలను మార్చే పని డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు చేస్తాయి. మన 60లు, 70లు ఇక్కడి లెక్కలోకి వచ్చాక ఊహించినదానికంటే మెరుగ్గానే కనిపిస్తాయి, కాబట్టి నాకు మార్కులు తక్కువ అని అప్లై చేయకుండా ఆగిపోవద్దు. స్టాటిస్టిక్స్ ఇటీవలి సంవత్సరాల్లో చదివి ఉండాలని కొన్నిచోట్ల అంటారు. కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టర్‌లో అయిపోయే పని అది.

డబ్బు గురించి ఒక ముఖ్యమైన సంగతి. సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇన్నాళ్లూ ఆధారపడిన గ్రాడ్ ప్లస్ ఫెడరల్ లోన్ 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు లేదు. అందువల్ల ఆస్పత్రి ఇచ్చే ట్యూషన్ సాయం ఇప్పుడు ఇంకా విలువైంది. ఏడాదికి 5,250 డాలర్ల వరకు దాని మీద పన్ను పడదు. ఆర్‌ఎన్ ఉద్యోగం ఒప్పుకునేముందే ఈ సాయం ఉందా, తీసుకుంటే ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలి అని అడగండి. పని చేస్తూ పార్ట్‌టైంలో చదివితే అప్పు చాలావరకు తప్పుతుంది.

ఊళ్లోనే ఉండి చేయాలనుకుంటే

మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే పీజీ కోర్సు తెచ్చింది. బీఎస్సీ నర్సింగ్, రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉంటే చేరొచ్చు, ఆ అనుభవం క్రిటికల్ కేర్‌లో అయితే మేలు. రెసిడెన్సీ పద్ధతి, క్లాసు తక్కువ, వార్డు ఎక్కువ. ఇంకొకటి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, 18 నెలలు. ఈ రెండో దాంట్లో మన తెలుగు గడ్డే ముందుంది. సిజేరియన్లు తగ్గించాలని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి మిడ్‌వైవ్స్‌కు శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. కాన్పుల పని ఇష్టమైనవాళ్లకు ఇది మంచి దారి.

అయితే ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. మన దగ్గర క్రిటికల్ కేర్ ఎన్‌పీ పనిచేసేది ఆస్పత్రి రాసిపెట్టిన ప్రొటోకాల్స్, స్టాండింగ్ ఆర్డర్స్ పరిధిలోనే. సొంతంగా మందు రాసే హక్కు అమెరికాలోలా లేదు. అందుకే చేరేముందు ఆ కోర్సు చేసినవాళ్లకు ఆ ఆస్పత్రిలో వేరే పోస్టు, వేరే జీతం ఉన్నాయా అని అడగండి. అక్కడి ఎన్‌పీ కోర్సు గానీ ఎంఎస్సీ నర్సింగ్ గానీ చూపించి ఇక్కడ నేరుగా ఎన్‌పీ పరీక్షకు కూర్చోలేరు. ఇక్కడ గుర్తింపు ఉన్న ప్రోగ్రాం చదవాల్సిందే. ఎంఎస్సీ ఉన్నవాళ్లు పోస్ట్-మాస్టర్స్ సర్టిఫికెట్‌లో చేర్చుకుంటారేమో కాలేజీని అడిగి చూడొచ్చు.

కాగితాలు: ఇక్కడే ఎక్కువ టైం పోతుంది

ఎన్‌పీకి ముందు ఆర్‌ఎన్ లైసెన్సు, దానికి ముందు ఎన్‌క్లెక్స్ (ఆర్‌ఎన్ లైసెన్సు పరీక్ష), దానికి ముందు మీ చదువు విలువ కట్టించుకోవడం. ఆ పని ఎక్కువగా సీజీఎఫ్‌ఎన్‌ఎస్ చేస్తుంది, ఇప్పుడు దాని పేరు ట్రూమెరిట్. వాళ్లకు మీ కాలేజీ నేరుగా ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. మార్కుల మెమో చాలదు. మెడికల్-సర్జికల్, పీడియాట్రిక్స్, ఓబీ (ప్రసూతి), సైకియాట్రీ, కమ్యూనిటీ, ఇలా ఒక్కో సబ్జెక్టుకు థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అని విడివిడిగా ఉండాలి.

నేను చదివిన చోట ఆఫీసులో ఈ ఫారం చూసి "ఇలాంటివి మేం ఇవ్వం" అని తిప్పి పంపేశారు. అప్పట్లో మా నాన్న పాత సిలబస్ పుస్తకం జిరాక్స్ తీయించి, గంటలన్నీ ఫారంలో పెన్సిల్‌తో నింపి పట్టుకెళ్లాక గానీ పని కదల్లేదు. కాబట్టి మీరు కాలేజీలో ఉండగానే సిలబస్ కాపీ ఒకటి, క్లినికల్ పోస్టింగుల రికార్డు ఒకటి దాచుకోండి. ఇప్పుడు ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లైతే సర్టిఫికెట్లతో పాటు ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అడిగి తీసుకుని బయటకు రండి. మీరు విదేశంలో, ప్రిన్సిపాల్ మారిపోయి, క్లర్కు రిటైరై, ఊళ్లో అమ్మానాన్నలు ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే ఇదే సుఖం.

పేరు సంగతి ఇంకా ముఖ్యం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. నర్సింగ్ డిగ్రీలో ఆ అక్షరం వెనక్కి వెళ్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వస్తుంది, పెళ్లయ్యాక కొందరికి అదీ మారుతుంది. ఒకే మనిషికి నాలుగు పేర్లు! ఇక్కడి కంప్యూటరుకు వాళ్లు నలుగురు మనుషులు. ఎన్‌క్లెక్స్ రోజు మీ గుర్తింపు కార్డు మీద పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు తేడాగా ఉంటే లోపలికి పంపరు. అందుకని మొదటి అప్లికేషన్ నుంచి పాస్‌పోర్టులో ఉన్న పేరే వాడండి. పాత సర్టిఫికెట్లలో ఉన్న పేర్లన్నీ ఒక్కరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి, అన్నిటితో పాటు జతచేయండి.

మూడోది రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్. ఇది మీ స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ నుంచి వెళ్లాలి. రాష్ట్రం విడిపోకముందు, అంటే 2014కు ముందు, ఉమ్మడి కౌన్సిల్‌లో నమోదైనవాళ్లు తమ వెరిఫికేషన్ ఏ కౌన్సిల్ పంపాలో ముందే కనుక్కోవాలి. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కాకుండా వదిలేసి ఉంటే అది ముందు సరిచేయించుకోండి.

జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లకు కూడా దారి ఉంది. కాకపోతే ఎన్‌పీకి బ్యాచిలర్స్ తప్పదు కాబట్టి మధ్యలో ఒక మెట్టు ఎక్కువ. ఊళ్లో ఉంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఇక్కడికి వచ్చి ఆర్‌ఎన్ అయ్యాక అయితే ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్. రెండోది ఉద్యోగం చేస్తూనే పూర్తి చేయొచ్చు కాబట్టి నాకు అదే నయమనిపిస్తుంది.

ఎన్‌క్లెక్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతిలో కేస్ స్టడీలు వచ్చాయి. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, టైం ఐదు గంటలు. హైదరాబాదులోనే రాయొచ్చు.

వీసా

ఆర్‌ఎన్ ఉద్యోగానికి సాధారణంగా హెచ్‌-1బీ రాదు. నర్సులు వచ్చేది ఈబీ-3 గ్రీన్‌కార్డు మీద. లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి ఇక్కడ మనిషి దొరకలేదని యజమాని నిరూపించడం) అక్కర్లేదన్న సౌకర్యం ఉన్నా, భారత్‌లో పుట్టినవాళ్లకు క్యూ పదేళ్లు దాటింది. ఎన్‌పీ ఉద్యోగానికి మాస్టర్స్ కావాలి కాబట్టి దానికి హెచ్‌-1బీ వచ్చే అవకాశం ఉంది. ఇది తెలియక చాలామంది ఆర్‌ఎన్ దగ్గరే ఆశ వదులుకుంటున్నారు.

హెచ్‌-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. పని చేయాలంటే మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి, అది భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశకు వచ్చాక గానీ రాదు. కొన్ని రాష్ట్రాలు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా ఆర్‌ఎన్ లైసెన్సు ఇవ్వవు, కొన్ని ఇస్తాయి. ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీద రావాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆన్‌లైన్ ప్రోగ్రాంలకు ఎఫ్‌-1 ఇవ్వరు. ఎన్‌పీ ప్రోగ్రాంల్లో ఆన్‌లైన్‌వే ఎక్కువ కాబట్టి, క్యాంపస్‌లో క్లాసులు జరిగే వాటిని వెతుక్కోవాలి. ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి, చేరేముందు ఇమిగ్రేషన్ లాయరుకు ఒకసారి ఫీజు కట్టి మాట్లాడటం దండగ కాదు.

ఆర్‌ఎన్‌గా ఎన్నేళ్లు చేయాలి

కొన్ని ప్రోగ్రాంలు అనుభవం లేకపోయినా తీసుకుంటాయి. అయినా కనీసం రెండేళ్లు బెడ్‌సైడ్ చేయమని నేను పట్టుబట్టి చెబుతాను. పేషెంటు ముఖం చూసి "ఈయన బాగోలేదు" అని మానిటర్ కంటే ముందే అనిపించడం పుస్తకంలో నేర్పరు. పైగా ఇండియాలో ఎంత అనుభవం ఉన్నా, ఇక్కడి ఇన్సూరెన్స్, చార్టింగ్, మందుల పేర్లు, పేషెంట్లు మాట్లాడే తీరు అలవాటవడానికి టైం పడుతుంది. అక్యూట్ కేర్‌కు ఐసీయూ అనుభవం అడుగుతారు. మానసిక ఆరోగ్యానికి వెళ్లేవాళ్లు వీలైతే సైక్ యూనిట్‌లో కొన్నాళ్లు చేయండి.

చదువులో మూడు సబ్జెక్టులు ఎక్కువ కష్టపెడతాయి: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్. ఇక్కడివాళ్లు మూడు పీలు అంటారు. మూడూ ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోకండి. ఫార్మకాలజీకి నేను వాడిన పద్ధతి ఇది. షిఫ్టులో ఇచ్చిన ప్రతి మందుకూ ఇది ఎందుకు, దీని బదులు ఇంకేం ఇవ్వొచ్చు, దీనికి ఏ ల్యాబ్ చూడాలి అని మూడు ప్రశ్నలు జేబు పుస్తకంలో రాసుకునేదాన్ని. బీపీ మందు లిసినోప్రిల్‌తో పొడిదగ్గు వస్తే ఏం చేయాలో అలా నేర్చుకున్నది ఇప్పటికీ మర్చిపోలేదు.

ప్రిసెప్టర్ దొరకడం

ఎన్‌పీ చదువులో ఎవరూ ముందే చెప్పని కష్టం ఇది. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 750 గంటలు పేషెంట్లను నేరుగా చూడాలి, పక్కన ఎన్‌పీయో డాక్టరో ఉండి నేర్పాలి. వాళ్లనే ప్రిసెప్టర్ అంటారు. కొన్ని కాలేజీలు వాళ్లే చూసిపెడతాయి, చాలా కాలేజీలు మీరే వెతుక్కోవాలంటాయి. అప్లై చేసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. "సాయం చేస్తాం" అంటే సరిపోదు. దొరక్కపోతే ఏం చేస్తారు, ఎంతమందికి ఆలస్యమైంది అని గట్టిగా అడగండి.

మీరే వెతుక్కోవాల్సి వస్తే సెమిస్టర్‌కు ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. నేను పనిచేసే ఆస్పత్రిలో హాస్పిటలిస్టులను (వార్డు పేషెంట్లను చూసే డాక్టర్లను) అడిగాను, మా కుటుంబ డాక్టరును అడిగాను, గుడిలో హెల్త్ క్యాంపులకు వచ్చే తెలుగు డాక్టర్లను అడిగాను. చాలామంది కాదన్నారు. ఆఖరికి ఒప్పుకున్నావిడ నా రెజ్యూమె చూసి కాదు, క్యాంపులో బీపీలు చూస్తూ పెద్దవాళ్లతో నేను మాట్లాడిన తీరు చూసి పిలిచారు. ఫ్యామిలీ వాళ్లకు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు అందరూ లాగ్‌లో (చూసిన పేషెంట్ల రికార్డులో) కనిపించాలి. చూసిన ప్రతి పేషెంటు వయసు, డయాగ్నసిస్ కోడ్, పట్టిన టైం ఏ రోజుకారోజు ఎక్కించండి. వారం చివర్లో ఎక్కిద్దామని వదిలేస్తే గంటల లెక్క తప్పుతుంది.

క్లినికల్స్ నడిచే సెమిస్టర్లలో ఫుల్‌టైం ఉద్యోగం చాలా కష్టం. వారాంతం షిఫ్టులకు మారడం గురించి మేనేజరుతో, పిల్లల గురించి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. అత్తమ్మనో అమ్మనో పిలిపించుకునేవాళ్లు విజిటర్ వీసా ఆరు నెలలను ఆ సెమిస్టర్‌కు సరిపోయేలా చూసుకుంటారు. మా ఇంట్లోనూ అంతే చేశాం.

పరీక్ష, ఆ తర్వాత

ఎఫ్‌ఎన్‌పీకి రెండు సంస్థలు పరీక్ష పెడతాయి. ఏఏఎన్‌పీసీబీది 150 ప్రశ్నలు, మూడు గంటలు, దాదాపు అంతా క్లినికల్. ఏఎన్‌సీసీది 175 ప్రశ్నలు, మూడున్నర గంటలు, దాంట్లో పరిశోధన, పాలసీ కూడా కొంత వస్తాయి. ఉద్యోగానికి రెండూ సమానమే. రెండు సర్టిఫికెట్లూ ఐదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి.

హెచ్‌-4 ఈఏడీ ఉన్న బీఎస్సీ నర్సు లెక్క చివరి నుంచి వేస్తే ఇలా వస్తుంది. క్లినిక్కులో మొదటి రోజుకు ముందు పరీక్ష, లైసెన్సు, ఇన్సూరెన్స్ కంపెనీల క్రెడెన్షియలింగ్‌కు (మీ అర్హతలు పరిశీలించి వాళ్ల జాబితాలో చేర్చుకోవడానికి) ఆరేడు నెలలు. దానికి ముందు పార్ట్‌టైం ఎంఎస్‌ఎన్ మూడేళ్లు. దానికి ముందు ఆర్‌ఎన్‌గా రెండేళ్లు. దానికి ముందు కాగితాలు, ఎన్‌క్లెక్స్ కలిపి ఏడాది, ఏడాదిన్నర. మొత్తం ఏడేళ్లు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకైతే ఇంటర్ వయసు నుంచి నాలుగేళ్ల బీఎస్‌ఎన్, రెండేళ్ల ఉద్యోగం, ఎంఎస్‌ఎన్, అంటే ఎనిమిది తొమ్మిదేళ్లు. ఈ ఏడేళ్ల కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని, ఏ ఏడాది ఏ మెట్టు అన్నది ఇంట్లో అందరికీ తెలిసేలా పెట్టుకోండి.

పరీక్ష పాసవగానే రాష్ట్ర లైసెన్సుకు అప్లై చేయండి, ఎన్‌పీఐ నంబరు (వైద్యం చేసేవాళ్లకు దేశమంతటా ఉండే గుర్తింపు నంబరు) తీసుకోండి. నియంత్రిత మందులు రాయాలంటే వాటిని పర్యవేక్షించే కేంద్ర సంస్థ డీఈఏ రిజిస్ట్రేషన్ కావాలి, మూడేళ్లకు 888 డాలర్లు, దానికి ఎనిమిది గంటల ట్రైనింగ్ కూడా ఉంది. ఈ ఫీజు యజమాని కడతారా అని ఉద్యోగం మాట్లాడుకునేటప్పుడే అడగండి.

ఇక ఆఫర్ లెటర్ వచ్చాక జీతం అంకె చూసి సంతకం పెట్టేయకండి. రోజుకు ఎంతమంది పేషెంట్లు, మొదటి మూడు నెలలు ఎంత తక్కువతో మొదలుపెడతారు, అనుమానం వస్తే అడగడానికి పక్కన ఎవరుంటారు అన్నవి రాతలో ఉండాలి. కొత్తవాళ్లను మొదటి వారం నుంచే రోజుకు పాతికమందిని చూడమనే చోటికి, ఎంతిచ్చినా వెళ్లొద్దు. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే బీమా) క్లెయిమ్స్-మేడ్ రకమైతే, అంటే పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేదైతే, మీరు మానేశాక వచ్చే కేసుల కోసం తీసుకునే టెయిల్ కవరేజీ డబ్బు ఎవరు కడతారో కాంట్రాక్టులో రాయించుకోండి. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ఒప్పందం చేసుకున్న డాక్టరు వెళ్లిపోతే మీరు మందు రాయడం ఆగిపోతుంది. అప్పుడు ఇంకో డాక్టరును చూసే పూచీ క్లినిక్కుదేనని, ఆ రోజుల జీతం ఆగదని కూడా అందులోనే ఉండాలి.